గుమ్మం ముందు చీకటి: డోర్‌బెల్ కెమెరాకి రాత్రిపూట చూపు ఎందుకు మందగిస్తుంది?

డోర్‌బెల్ కెమెరా కొన్న రోజున అందరి ఇళ్లలోనూ జరిగేది ఒకటే. పగటిపూట బిగిస్తాం. పిల్లలు బయటికి పరిగెత్తి బటన్ నొక్కుతారు. ఫోన్‌లో వాళ్ల మొహాలు అద్దంలో చూసినట్టు కనిపిస్తాయి. "బాగుంది" అనుకుని డబ్బా పారేస్తాం. కానీ దానితో మనకి అసలు పని పడేది రాత్రిపూట. అప్పుడే అది నల్లటి తెరో, తెల్లటి పొగో, కళ్లు మాత్రం మెరిసే మొహమో చూపిస్తుంది.

మేముండేది దోహాలోని ముషైరిబ్‌లో. ఇక్కడ మగవాళ్లలో చాలామందివి షిఫ్ట్ డ్యూటీలు. రాత్రి పదకొండు దాటాక కూడా బెల్ మోగడం మామూలే. కిరాణా తెచ్చేవాళ్లు, మందులు తెచ్చేవాళ్లు, అడ్రస్ తప్పి పైఅంతస్తు బిర్యానీ మన గుమ్మం ముందుకు తెచ్చేవాళ్లు ఉంటారు. రంజాన్ నెలలో అయితే ఊరంతా తెల్లవారుజాము దాకా మేలుకునే ఉంటుంది. డిసెంబరులో సాయంత్రం ఐదు కాకముందే పొద్దు గూకుతుంది. అంటే పిల్లలు ట్యూషన్ నుంచి వచ్చే వేళకే కెమెరా నైట్ మోడ్‌లోకి వెళ్లిపోతుంది. ఇంట్లో మనమూ, పిల్లలూ, ఊరి నుంచి వచ్చిన అత్తయ్యగారూ మాత్రమే ఉన్నప్పుడు తలుపు తీయాలా వద్దా అన్నది ఆ చిన్న బొమ్మ చూసే తేల్చుకోవాలి.

డిగ్రీలో నేను ఎంపీసీ. పెళ్లయి ఇక్కడికొచ్చాక ఆ ఫిజిక్స్ ఎక్కువగా ఇలాంటి వాటికే పనికొస్తోంది. "నువ్వు సైన్సు చదివావు కదా, ఇదేంటో చూడు" అంటూ తెలిసినవాళ్లు పంపిన కెమెరా బొమ్మలు చాలానే చూశాను. వాటన్నిటిలో నాకు తేలింది ఒకటి. చాలా ఇళ్లలో పాడైంది కెమెరా కాదు. దాని ముందున్న వెలుతురు సరిగ్గా లేదు. అందుకే కొత్త కెమెరా ఆర్డర్ పెట్టేముందు ఒక్క రాత్రి, ఒక్క పది నిమిషాలు దాని ముందు నిలబడి చూడండి.

చీకట్లో కెమెరా చూసేది ఏ వెలుగులో?

మన కంటికి కనిపించే వెలుగు దాదాపు 400 నుంచి 700 నానోమీటర్ల వరకే. 1800లో విలియం హెర్షెల్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఎండని పట్టకంతో రంగులుగా విడదీసి, ఒక్కో రంగు దగ్గర థర్మామీటర్ పెట్టి చూశాడు. ఎరుపు అయిపోయిన తర్వాత, ఏ రంగూ లేదనుకున్న చోట కూడా వేడి పెరిగింది. అలా బయటపడినవే పరారుణ కిరణాలు, అంటే ఇన్‌ఫ్రారెడ్. మన కెమెరాలోని సిలికాన్ సెన్సర్‌కి ఈ కిరణాల్లో కొంత భాగం కనిపిస్తుంది, మనకి కనిపించదు.

డోర్‌బెల్ కెమెరాలో లెన్స్ చుట్టూ చిన్న చిన్న ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీలు ఉంటాయి. సాధారణంగా ఇవి రెండు రకాలు. 850 నానోమీటర్లవి అయితే చీకట్లో దగ్గరగా చూస్తే సన్నటి ఎర్ర మెరుపు కనిపిస్తుంది. 940 నానోమీటర్లవి అయితే ఏమీ కనిపించదు. కానీ సెన్సర్‌కి కూడా ఆ వెలుగు కాస్త తక్కువగానే అందుతుంది కాబట్టి, చూపు ఆనే దూరం తగ్గుతుంది.

ఇంకో భాగం గురించి కూడా తెలుసుకోవాలి. పగటిపూట ఈ పరారుణ వెలుగు సెన్సర్ మీద పడితే రంగులన్నీ చెడిపోతాయి. అందుకని లెన్స్ వెనక దాన్ని ఆపే ఒక చిన్న ఫిల్టర్ ఉంటుంది. చీకటి పడగానే ఆ ఫిల్టర్ పక్కకి జరుగుతుంది, ఎల్‌ఈడీలు వెలుగుతాయి, బొమ్మ నలుపు తెలుపులోకి మారుతుంది. ఇల్లు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు "టిక్" అని సన్నగా వినిపించేది ఆ ఫిల్టర్ కదిలిన చప్పుడే.

అంటే రాత్రి బొమ్మ సరిగ్గా రావాలంటే మూడు జరగాలి. ఎల్‌ఈడీలు వెలగాలి. ఫిల్టర్ జరగాలి. వెళ్లిన వెలుగు వచ్చిన మనిషి మీద పడి తిరిగి రావాలి. ఈ మూడింట్లో ఏది తప్పిందో బొమ్మ చూసే చెప్పొచ్చు.

తెర మొత్తం నలుపు

ముందు యాప్‌లోకి వెళ్లి నైట్ విజన్ "ఆటో"లో ఉందో లేదో చూడండి. పిల్లల చేతికి ఫోన్ ఇచ్చే ఇళ్లలో ఇది ఎప్పుడు ఆఫ్ అయిందో ఎవరికీ తెలియదు.

ఆన్‌లోనే ఉంటే ఎల్‌ఈడీలు వెలుగుతున్నాయో లేదో చూడాలి. దీనికి మన ఫోన్ చాలు. ముందు టీవీ రిమోట్‌ని ఫోన్ సెల్ఫీ కెమెరా ముందు పెట్టి ఒక బటన్ నొక్కండి. రిమోట్ కొస మీద తెల్లగానో ఊదాగానో చుక్క మెరిస్తే మీ ఫోన్ పరారుణాన్ని చూడగలదన్నమాట. చాలా ఫోన్లలో వెనక కెమెరా కంటే ముందు కెమెరాలోనే ఇది బాగా కనిపిస్తుంది. ఇప్పుడు రాత్రిపూట బయట లైటు ఆర్పి, అదే ఫోన్‌తో డోర్‌బెల్‌ని చూడండి.

ఎల్‌ఈడీలు మెరుస్తున్నా తెర నల్లగానే ఉంటే ఫిల్టర్ పగటి స్థానంలోనే ఇరుక్కుపోయిందని అనుమానించాలి. పరారుణ వెలుగు పడుతోంది, కానీ ఫిల్టర్ దాన్ని లోపలికి రానివ్వడం లేదు. యాప్‌లో నైట్ విజన్‌ని నాలుగైదు సార్లు ఆన్, ఆఫ్ చేస్తూ చెవి దగ్గర పెట్టి వినండి. కొన్నిసార్లు ఆ కుదుపుకే వదులవుతుంది. దీనికి ఎదురు రోగం కూడా ఉంది. పగటిపూట నల్ల బట్టలు, చెట్ల ఆకులు గులాబీ రంగులో కనిపిస్తుంటే ఫిల్టర్ రాత్రి స్థానంలో ఇరుక్కున్నట్టు. రెండింటికీ రీస్టార్ట్ చేసి చూడండి. కుదరకపోతే వారంటీలో మార్పించుకోవడమే మార్గం.

ఎల్‌ఈడీలు అసలు వెలగకపోతే కరెంటు సంగతి చూడాలి. బ్యాటరీ బాగా తగ్గినప్పుడు కొన్ని మోడళ్లు ఈ లైట్లనే ముందు తగ్గించేస్తాయి. ఎండ పడే గుమ్మం అయితే ఇక్కడి వేసవి వేడికి లిథియం బ్యాటరీ త్వరగా నీరసిస్తుంది. వైరు మోడళ్లలో చాలావాటికి 16 నుంచి 24 వోల్టుల ఏసీ కావాలి. పాత ట్రాన్స్‌ఫార్మర్ అంతకంటే తక్కువ ఇస్తుంటే పగలంతా బాగానే పనిచేసి, ఎల్‌ఈడీలు వెలిగే వేళకే చతికిలపడుతుంది. రాత్రి అవగానే కెమెరా దానంతటదే ఆఫ్ అయి ఆన్ అవుతుంటే కారణం ఎక్కువగా ఇదే. ఇక్కడ ఒక హెచ్చరిక. గల్ఫ్‌లో కొన్ని ఇళ్లలో బెల్ వైరులో నేరుగా 240 వోల్టుల మెయిన్ కరెంటే వస్తుంది. యూట్యూబ్ చూసి ఆ మూత విప్పకండి. బిల్డింగ్ ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

తెర మొత్తం తెల్లటి పొగ

మన తెలుగిళ్లలో ఎక్కువగా కనిపించే సమస్య ఇది. ఎల్‌ఈడీల వెలుగు దగ్గర్లో ఉన్న దేనిమీదో పడి వెంటనే వెనక్కి కొడుతుంది. కెమెరా "అబ్బో, చాలా వెలుగుంది" అనుకుని ఎక్స్‌పోజర్ తగ్గించేస్తుంది. దాంతో దగ్గరున్నది తెల్లగా మండిపోతుంది, వెనక నిలబడ్డ మనిషి నల్లటి నీడలా మిగులుతాడు.

ఆ దగ్గరున్న వస్తువు పక్క గోడ కావచ్చు, తలుపు చట్రం కావచ్చు. మన ఇళ్లలో చాలాసార్లు తోరణమే. పండక్కి కట్టిన మామిడాకులు, గుమ్మానికి రెండు పక్కలా వేలాడే బంతిపూల దండలు కెమెరాకి జానెడు దూరంలో ఊగుతుంటాయి. పచ్చటి ఆకు మన కంటికి ముదురుగా కనిపిస్తుంది కానీ పరారుణంలో అది దాదాపు తెల్లగా ఉంటుంది. ఆకులోని పత్రహరితం ఎరుపు, నీలం వెలుగుని పీల్చుకుంటుంది, పరారుణాన్ని పీల్చుకోదు. లోపలి కణాల అమరిక దాన్ని వెనక్కి చిమ్మేస్తుంది.

దూరం లెక్క కూడా చూడండి. వెలుగు దూరం వర్గానికి విలోమంగా తగ్గుతుందని ఇంటర్‌లో చదువుకున్నాం కదా. మీటరు దూరంలో ఉన్న మనిషి మీద పడే వెలుగు కంటే 20 సెంటీమీటర్ల దూరంలో ఉన్న ఆకు మీద పడేది 25 రెట్లు ఎక్కువ. ఇక ఆ మనిషి మొహం ఎక్కడ కనిపిస్తుంది?

తోరణం తీసేయమని నేను అనను. గుమ్మం బోసిపోతే మనకే బాగుండదు. తోరణాన్ని ఒక బెత్తెడు పైకి కట్టండి. పక్క దండల్ని కెమెరా లేని వైపుకే పరిమితం చేయండి. పక్క గోడ అడ్డమైతే కెమెరాని కొంచెం పక్కకి తిప్పే కోణం ముక్క, షాపుల్లో వెడ్జ్ మౌంట్ అంటారు, డబ్బాలోనే ఉండొచ్చు. అది బిగిస్తే గోడ ఫ్రేములోంచి తప్పుకుంటుంది. కెమెరాని గాజు తలుపుకి లోపలివైపు పెట్టుకున్నవాళ్లకి మాత్రం ఇన్‌ఫ్రారెడ్ ఎప్పుడూ అద్దం మీదే తిరగబడుతుంది. వాళ్లు యాప్‌లో ఇన్‌ఫ్రారెడ్ ఆపేసి, బయట చిన్న బల్బు వెలిగించుకోవడమే మేలు.

మసక, మంచు, సాలెగూడు

బొమ్మ మొత్తం పాలు కలిపినట్టుగా ఉంటే లెన్స్ తుడవండి. బటన్ నొక్కే వేళ్ల జిడ్డు, దుమ్ముగాలి వీచిన రోజున పడ్డ సన్నటి ఇసుక పగటిపూట అంతగా తెలియవు. పక్కనే ఉన్న ఎల్‌ఈడీల వెలుగు పడగానే ప్రతి రేణువూ మెరుస్తుంది. కళ్లజోడు తుడిచే మెత్తటి గుడ్డని కొంచెం తడిపి తుడిస్తే చాలు. పొడి గుడ్డతో ఇసుకని రుద్దితే గీతలు పడతాయి. అద్దాలు తుడిచే ఘాటైన లిక్విడ్‌తో ప్లాస్టిక్ మసకబారొచ్చు. కొత్త కెమెరా అయితే లెన్స్ మీద అంటించిన పల్చటి ప్లాస్టిక్ పొర తీశారో లేదో కూడా ఒకసారి గోటితో గీరి చూడండి.

ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో దోహాలో ఇంకో చిక్కు ఉంది. బయట ఉక్కపోత గాలి నిండా తేమ. లోపల ఏసీ. తలుపు పక్క గోడ, వైరు కోసం వేసిన బెజ్జం ద్వారా వచ్చే చల్లగాలి కలిసి కెమెరాని చల్లబరుస్తాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి చెమట పట్టినట్టు లెన్స్‌కి పడుతుంది. రాత్రంతా మసకగా ఉండి పొద్దునకల్లా బాగైపోతుంటే కారణం ఇదే. కెమెరా విప్పి, వెనక బెజ్జాన్ని సీలెంట్‌తోనో పుట్టీతోనో మూయించండి. తలుపు కింద రబ్బరు పట్టీ వేయించండి. ఏసీ బిల్లు కూడా కొంత తగ్గుతుంది. తేమ లెన్స్‌కి లోపలివైపు కనిపిస్తే మాత్రం సీలు పోయినట్టే. అది మన చేతిలో లేదు.

ఇక సాలీడు. లైట్ల దగ్గరికి పురుగులు వస్తాయి, పురుగుల కోసం సాలీడు వస్తుంది. ఒక్క దారం లెన్స్ ముందు ఊగినా రాత్రి తెర మీద అది తెల్లటి తాడులా కనిపించి, గంటకి నాలుగు అలర్టులు పంపిస్తుంది.

క్షణం రంగుల్లో, క్షణం నలుపు తెలుపులో

ఫ్లాట్లలో ఉండేవాళ్లకి ఇది బాగా తెలుసు. కారిడార్ లైట్లకి సెన్సర్ ఉంటుంది. ఎవరూ లేనప్పుడు ఆరిపోతాయి, మనిషి రాగానే వెలుగుతాయి. కరెంటు ఆదాకి అది మంచిదే. కానీ కెమెరాకి తలనొప్పి. చీకట్లో నైట్ మోడ్‌లో ఉన్న కెమెరా మీద ఒక్కసారిగా వెలుగు పడితే బొమ్మ తెల్లబోతుంది. ఫిల్టర్ టిక్కుమని జరిగి రంగుల్లోకి వచ్చేసరికి రెండు మూడు సెకన్లు గడిచిపోతాయి. సరిగ్గా ఆ సెకన్లలోనే వచ్చినవాళ్లు బెల్ కొట్టి పక్కకి తిరుగుతారు.

దీనికి మందు కెమెరాలో లేదు. కారిడార్ లైటు పూర్తిగా ఆరకుండా సన్నగా వెలుగుతూ ఉండేలా, లేదా ఇంకొంచెం ఎక్కువసేపు ఉండేలా మెయింటెనెన్స్ వాళ్లని అడగండి. చాలా సెన్సర్లలో ఆ సర్దుబాటు ఉంటుంది. ఒప్పుకోకపోతే, బిల్డింగ్ వాళ్ల అనుమతితో గుమ్మం పక్కన ఒక చిన్న బ్యాటరీ లైటు అంటించండి. నిలకడగా ఉండే కొద్దిపాటి వెలుగు, వచ్చిపోయే పెద్ద వెలుగు కంటే మేలు.

మనిషి కదిలినప్పుడు మొహం చెదిరినట్టు, సాగినట్టు కనిపించడానికీ వెలుతురు చాలకపోవడమే కారణం. వెలుగు తక్కువైనప్పుడు కెమెరా ఒక్కో ఫ్రేముకి ఎక్కువసేపు కన్ను తెరిచి ఉంచుతుంది. ఈలోపు మనిషి కదిలిపోతాడు. వెనక లైటు పడి మొహం మాత్రం నల్లగా ఉంటే యాప్‌లో హెచ్‌డీఆర్ లేదా డబ్ల్యూడీఆర్ అని ఉన్నది ఆన్ చేయండి. కెమెరా నేల నుంచి దాదాపు 120 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే మొహం బాగా పడుతుంది.

విల్లాల్లో ఉండేవాళ్లకి ఒక మాట. చాలా బ్యాటరీ కెమెరాలు మనిషి ఒంటి వేడిని గుర్తుపట్టి మేలుకుంటాయి. జూలై రాత్రి బయటి గాలే ఇంచుమించు ఒంటి వేడికి దగ్గరగా ఉంటే రెండింటికీ తేడా దానికి తెలియదు. మనిషి గుమ్మం దాకా వచ్చినా రికార్డు అవదు. వేసవిలో ఆ సెన్సిటివిటీని ఒక మెట్టు పెంచుకోండి.

వెలుగు గురించి ఇంత చెబుతున్నానంటే మేముండే చోటు మహిమ కూడా కొంత ఉందేమో. ముషైరిబ్‌లో అల్ కహ్రబా వీధి ఉంది. అరబీలో కహ్రబా అంటే కరెంటు. దోహాలో మొదట కరెంటు దీపాలు వచ్చిన వీధి కావడం వల్లే ఆ పేరు. అక్కడే 1920లలో కట్టిన రద్వానీ ఇల్లు ఇప్పుడు మ్యూజియం. కరెంటు రావడంతో ఇక్కడి ఇళ్లలో బతుకు ఎలా మారిందో అందులో చూడొచ్చు. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని ఒక సాయంత్రం తీసుకెళ్లండి.

బొమ్మ చూసి మనిషిని గుర్తుపట్టొచ్చా?

ఇది సెట్టింగుల కంటే ముఖ్యమైన సంగతి. అందుకే ఇంకొంచెం వివరంగా చెబుతాను.

కిందటేడు మా తెలుగు ఆడవాళ్ల గ్రూపులో కాకినాడ అక్క ఒకావిడ ఒక వీడియో పెట్టింది. రాత్రి 11 గంటల 20 నిమిషాలు. ఆమె గుమ్మం ఎదురుగా ఒక మనిషి అర నిమిషం పాటు కదలకుండా నిలబడ్డాడు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు. ఛాతీ మీద ఏదో పట్టీ భగభగా మెరుస్తోంది. కళ్లు రెండు తెల్లటి చుక్కలు. బెల్ కొట్టలేదు, వెళ్లిపోయాడు. ఆయన డ్యూటీలో ఉన్నాడు, ఆమె ఇద్దరు పిల్లలతో ఒక్కతే ఉంది. ఆ రాత్రి ఆమెకి నిద్ర పట్టలేదంటే ఎవరం మాత్రం తప్పు పడతాం?

పొద్దునకల్లా గ్రూపులో మాటలు పెరిగాయి. "తెల్ల బట్టలంటే ఆ ఫ్లోర్ ఊడ్చే అబ్బాయే కదా?" అని ఒకరు. "నాతూర్‌కి చెప్పేయండి" అని ఇంకొకరు. నాతూర్ అంటే ఇక్కడ మన వాచ్‌మనే. మధ్యాహ్నానికి ఆ అబ్బాయిని కింద నిలబెట్టి అడగడం కూడా అయింది. నిజామాబాద్ వైపు అబ్బాయి. "నా డ్యూటీ పదింటికే అయిపోయింది అక్కా, క్యాంపు బస్సు ఎక్కిన" అని చెబుతున్నాడు కానీ వీడియో ఉన్నప్పుడు మాట ఎవరు వింటారు?

నేను ఆ అక్కకి ఫోన్ చేసి, అది నైట్ మోడ్ బొమ్మ కాబట్టి అందులో తెలుపు తెలుపు కాదని చెప్పాను. మాటతో నమ్మేలా లేదని ఆ సాయంత్రం మా కెమెరా ముందే చూపించాను. మా ఆయన నేవీ బ్లూ యూనిఫాం చొక్కా, నా నల్ల పాలియెస్టర్ చున్నీ, పిల్లాడి ఎర్ర టీషర్టు వరసగా పట్టుకుని లైట్లు ఆర్పాం. తెర మీద నేవీ బ్లూ చొక్కా లేత బూడిద రంగులో, ఇంచుమించు తెల్లగా వచ్చింది. నల్ల చున్నీ కూడా తెల్లబడింది. ఎర్ర టీషర్టు మీద బొమ్మ మాయమైంది. నా కుంకుమ బొట్టు కూడా కనిపించలేదు. బట్టలకి వేసే రంగుల్లో చాలావరకు మన కంటికి కనిపించే వెలుగునే పీల్చుకుంటాయి, పరారుణాన్ని వదిలేస్తాయి. ఛాతీ మీద మెరిసింది యూనిఫాం మీద కుట్టే రిఫ్లెక్టర్ టేపు. కళ్లు మెరవడం కూడా మామూలే. ఎల్‌ఈడీ, లెన్స్ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి కంటి లోపలి పొర మీద పడిన వెలుగు నేరుగా కెమెరాలోకే తిరిగి వస్తుంది. ఫ్లాష్ ఫోటోల్లో కళ్లు ఎర్రగా పడేది కూడా ఇలాగే.

"రిఫ్లెక్టర్ పట్టీ ఉన్న ముదురు రంగు యూనిఫాం ఎవరిదో కనుక్కోండి" అని నాతూర్‌ని అడిగితే పది నిమిషాల్లో తేలింది. ఆ రాత్రి కారిడార్ ఏసీ నీళ్లు కారుతోందని కంప్లైంట్ వెళ్లింది. చూడడానికి వచ్చిన మెయింటెనెన్స్ మనిషి సీలింగ్ వైపు చూస్తూ నిలబడ్డాడు. అంతే. ఆ అక్క వెంటనే గ్రూపులో వీడియో తీసేసి, కిందకి దిగి ఆ అబ్బాయితో స్వయంగా మాట్లాడింది.

మనకి అది ఒక రాత్రి భయం. కానీ కంపెనీ వీసా మీద ఉన్న అబ్బాయికి అది ఉద్యోగం. ఊళ్లో అప్పు తీర్చుకోవడానికి వచ్చినవాళ్లు మనలోనే ఎంతమంది లేరు? నైట్ మోడ్ బొమ్మలో ఎత్తు, నడక, వచ్చిన వేళ, చేతిలో ఉన్న వస్తువు నమ్మొచ్చు. బట్టల రంగు, ఒంటి రంగు, కళ్ల తీరు నమ్మడానికి లేదు.

చట్టం సంగతి

అద్దె ఇల్లయితే గోడకి బెజ్జం వేసేముందు బిల్డింగ్ వాళ్లని లిఖితంగా అడగండి. కెమెరా ఎదురింటి తలుపులోకి చూడకూడదు. చాలా యాప్‌లలో ప్రైవసీ జోన్ అని ఉంటుంది. దానితో ఎదురు తలుపు భాగాన్ని నలుపుతో కప్పేయొచ్చు. ఎదురింట్లో స్థానిక కుటుంబం ఉంటే ఇది ఇంకా ముఖ్యం.

ఖతర్ శిక్షాస్మృతిలోని 333వ ఆర్టికల్ వ్యక్తుల గోప్యత గురించినది. 2017లో దాన్ని సవరించారు. దాని ప్రకారం అనుమతి లేకుండా ఒకరి వ్యక్తిగత జీవితంలోకి చొరబడి ఫోటోలు, వీడియోలు తీసినా, పంచినా రెండేళ్ల వరకు జైలు, 10,000 రియాళ్ల వరకు జరిమానా పడొచ్చు. కాబట్టి అనుమానం వచ్చిన వీడియో చేరాల్సింది సెక్యూరిటీకి, అవసరమైతే పోలీసులకి. ఇక్కడి ఎమర్జెన్సీ నంబరు 999. వాట్సాప్ గ్రూపుకి కాదు.

ఈ సందర్భంలో ఒక ఆవిడ గురించి చెప్పాలి. గుమ్మం కెమెరా ఆలోచనకి మూలం ఒక మహిళ. న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో ఉండే మేరీ వాన్ బ్రిట్టన్ బ్రౌన్ నర్సు. ఆమెవీ, భర్తవీ వేళాపాళా లేని డ్యూటీలు. రాత్రి ఒంటరిగా ఉన్నప్పుడు తలుపు కొట్టిందెవరో తెలుసుకోవాలని, ఎలక్ట్రానిక్స్ తెలిసిన భర్త ఆల్బర్ట్‌తో కలిసి ఒక ఏర్పాటు తయారు చేసింది. తలుపుకి వేర్వేరు ఎత్తుల్లో రంధ్రాలు, వాటి వెనక పైకీ కిందకీ జరిగే కెమెరా, పడగ్గదిలో తెర, బయటి మనిషితో మాట్లాడడానికి మైకు. 1966లో పేటెంట్‌కి దరఖాస్తు చేస్తే 1969 డిసెంబరులో వచ్చింది. అరవై ఏళ్ల కిందట ఆమె అవసరం, ఇవాళ మన అవసరం ఒకటే. ఆమె కెమెరాతోపాటు మైకు కూడా పెట్టిందని గుర్తుంచుకోండి.

ఈ రాత్రి పది నిమిషాలు

పిల్లలు పడుకున్నాక ఇంట్లో ఒకరు బయట నిలబడండి, ఒకరు లోపల ఫోన్ పట్టుకోండి.

1. లెన్స్ తుడవండి. బ్యాటరీ ఎంత ఉందో చూడండి.
2. నైట్ విజన్ ఆటోలో ఉందని చూసుకుని కారిడార్ లైటు ఆరే దాకా ఆగండి. టిక్ చప్పుడు వినండి.
3. ఫోన్ సెల్ఫీ కెమెరాతో ఎల్‌ఈడీలు మెరుస్తున్నాయో చూడండి.
4. తోరణం, దండ, చెప్పుల స్టాండు, పక్క గోడ ఏవైనా తెల్లగా మండుతున్నాయా? ఒక్కొక్కటే తీసి చూడండి.
5. బయట ఉన్నవాళ్లు అర మీటరు, మీటరు, రెండు మీటర్ల దూరంలో ఒక్కో చోట కాసేపు నిలబడాలి. మొహం ఎక్కడిదాకా గుర్తుపట్టగలుగుతున్నారో రాసుకోండి. డబ్బా మీద రాసిన దూరం కాదు, ఇదే మీ కెమెరా అసలు దూరం.
6. సెన్సర్ లైటు వెలిగినప్పుడు బొమ్మ కుదురుకోవడానికి ఎన్ని సెకన్లు పడుతోందో లెక్కపెట్టండి.
7. మైకులో మాట్లాడి చూడండి. బయటికి మీ గొంతు స్పష్టంగా వినిపిస్తోందా?

ఏడోది మాత్రం వదిలేయకండి. బెల్ మోగినప్పుడు బొమ్మ ఎలా ఉన్నా, తలుపు తీయకుండానే "ఎవరండీ?" అని అడగొచ్చు. అరబీలోనో, హిందీలోనో, తెలుగులోనో జవాబు వస్తుంది. నలుపు తెలుపు తెర చెప్పలేనిది చాలాసార్లు ఆ ఒక్క జవాబు చెబుతుంది. జవాబు రాకపోతే తలుపు తీయకండి, కిందకి ఫోన్ చేయండి.